అక్షరం చుట్టూ ఆనందం, అక్షరంలో ఆనందం: గోదావరి సీమలో తొలిచదువు – పసివారి విముఖత (చారిత్రక పరిశీలన)

వ్యాససంగ్రహం:
తొలిచదువు పట్ల పసివారు చూపే విముఖత ఈనాటి సమస్య మాత్రమే కాదు. పంతొమ్మిదవ శతాబ్దపు వీధిబడి మొదలుకొని ప్రతి తరం దానిని ఎదుర్కొని, తనకు తోచిన మార్గాన పరిష్కరించుకోజూసింది. కోనసీమలోని పలివెలను, ఆ గ్రామం అంతర్భాగంగా ఉన్న నాటి రాజమండ్రి జిల్లాను కేంద్రంగా చేసుకొని ఆ ప్రయత్నాల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వీధిబడి బాలునికి ఆనందాన్ని ఇవ్వకపోలేదు. అయితే ఆ ఆనందం అక్షరం చుట్టూ ఉన్న ఆచారాలలో ఉంది గాని చదివే పాఠంలో లేదు. పాఠంలోనికే ఆనందాన్ని తెచ్చే ప్రయత్నం వ్యావహారిక భాషావాదంతోను, బాలసాహిత్యంతోను బలపడిందని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: వీధిబడి, ఓనమాలు, కోదండం, పప్పుబెల్లాలు, రాజమండ్రి జిల్లా, పలివెల, వ్యావహారిక భాష, బాలసాహిత్యం.

ఉపోద్ఘాతం

తొలిచదువును గురించి తెలుగుజాతి దాచుకొన్న జ్ఞాపకాలు రెండు విధాలు. రెండింటికీ భాషే సాక్ష్యం. కోదండం, గోడకుర్చీ, తొడపాశం, గుంజీలు – ఇవన్నీ బడిలోని శిక్షల పేర్లు. వీధిబడులు పోయినా ఈ మాటలు పోలేదు. మరొకవైపు పప్పుబెల్లాలు అనే మాట ఉంది. దసరా రోజులలో బడిపిల్లలకు ఇంటింటా పంచిన వేయించిన సెనగపప్పు, బెల్లం నుండి వచ్చిన ఈ మాట ఈనాడు దేనినైనా ధారాళంగా పంచిపెట్టడానికి జాతీయమై నిలిచింది. ఒకే బడి, ఒకే పంతులు, ఒకే బాలుడు. అయినా ఒక జ్ఞాపకంలో దూలానికి వేలాడే తాడు ఉంది, మరొకదానిలో దోసిట్లో బెల్లం ఉంది.

ఈ రెండింటిలో ఏది నిజమైన వీధిబడి అని అడగడం కంటె, ఒకే బడికి ఈ రెండూ ఎందుకు అవసరమయ్యాయని అడగడం చరిత్రకారునికి ఉపయోగకరం. చదువు తనంతట తాను పసివానిని ఆకర్షించలేనప్పుడే అతనిని వెనుకనుండి నెట్టే భయమో, ముందునుండి పిలిచే తాయిలమో కావలసి వస్తుంది. కనుక శిక్షల చరిత్ర, కానుకల చరిత్ర నిజానికి విముఖత చరిత్రకు రెండు పార్శ్వాలు.

1. పలివెల – రాజమండ్రి జిల్లా నేపథ్యం

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమలో, కొత్తపేటకు చేరువలో ఉన్న పలివెల ప్రాచీన ఆలయగ్రామం. ఉమాకొప్పేశ్వరస్వామి ఆలయం వలన ఆ ఊరికి ప్రసిద్ధి వచ్చింది. ఆలయంలోని శాసనాలు మధ్యయుగాంధ్ర చరిత్రకు ఆకరాలు. ఇటువంటి గ్రామంలో రాత అపరిచితమైనది కాదు. రాతి మీద దానశాసనం, తాటాకు మీద పురాణం, కరణం చేతిలో లెక్కల కవిలె – అక్షరం అన్నిచోట్లా ఉండేది. అయితే అది దేవుని కోసం, రాజు కోసం, పన్ను కోసం రాసిన అక్షరం. పసివాని కోసం రాసినది కాదు.

పంతొమ్మిదవ శతాబ్దం తొలిపాదంలో కోనసీమ రాజమండ్రి జిల్లాలో భాగం. మదరాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్యాస్థితిపై విచారణకు ఆదేశించినప్పుడు, జిల్లా కలెక్టర్లు పంపిన నివేదికలలో రాజమండ్రి జిల్లాది విలక్షణమైన స్థానం. ఉన్నతవిద్యను బోధించే శాస్త్రపాఠశాలలు అత్యధికంగా నమోదైనది ఈ జిల్లాలోనే; అవి 279, వాటిలోని విద్యార్థులు 1,454 మంది. రాయడం, చదవడం, లెక్కలు నేర్పే సామాన్యపాఠశాలలు 291, వాటిలో విద్యార్థులు 2,658 మంది. ఏడు లక్షలకు పైబడిన జనాభాలో బడికి పోయిన ఆడపిల్లలుగా నమోదైనవారు 37 మంది మాత్రమే.

ఈ అంకెలను రెండు విధాల చదవాలి. శాస్త్రపాఠశాలల సంఖ్య సామాన్యపాఠశాలల సంఖ్యకు ఇంచుమించు సమానంగా ఉండడం ఈ సీమ పాండిత్యాభిమానానికి గుర్తు. సామాన్యపాఠశాలలో సగటున తొమ్మిదిమంది పిల్లలే ఉండడం తొలిచదువు ఎంత పరిమితమో తెలుపుతుంది. చదువుపట్ల విముఖత చూపే అవకాశం సైతం అందరికీ దక్కలేదు. ఆడపిల్లలు, అస్పృశ్యులుగా నెట్టివేయబడిన కులాల పిల్లలు బడి గడపకు అవతలే ఉండిపోయారు. ఇష్టంలేని చదువు కొందరి సమస్య. అందని చదువు ఎందరి సమస్యో. ఆడపిల్లల విషయంలో ఈ సీమలో గుర్తించదగిన మార్పు కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికాపాఠశాల స్థాపించడంతో మొదలైంది.

2. ఇసుక నుండి తాటాకు వరకు: వీధిబడి బోధనక్రమం

వీధిబడిలో బోధన సాగిన తీరును అతి వివరంగా నమోదు చేసినది బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టు నివేదిక. తెలుగు, కన్నడ బడులు పక్కపక్కనే ఉన్న జిల్లా అది. అతడు వర్ణించిన పద్ధతులలో పెక్కు కోస్తా తెలుగునాట కూడ వాడుకలో ఉన్నవే.

అయిదేళ్ల ప్రాయంలో అక్షరాభ్యాసం జరిగేది. పంతులు, తోటి బాలురు పిల్లవాని ఇంటికి వచ్చేవారు. వినాయకుని ముందు ధూపం వేసి, పిల్లవాని వేలు పట్టి బియ్యంలో దేవతానామాలు రాయించేవారు. మరునాటి నుండి బడి. అక్కడ అక్షరాలను ముందు నోటితో వల్లించడం కాక ఇసుకలో వేలితో రాస్తూ నేర్చుకొనేవారు. చేయి, కన్ను, నోరు ఒకేసారి పనిచేసే ఈ పద్ధతిని కాంప్‌బెల్ ఐరోపా అలవాటుతో పోల్చి ప్రత్యేకంగా పేర్కొన్నాడు. తరువాత బొగ్గుపొడి పూసిన పలక, గంజిపెట్టి మడతలు వేసిన నల్లని గుడ్డపుస్తకం, వాటిపై రాసేందుకు బలపం. ఆపైన తాటాకు, గంటం.

పాఠ్యక్రమం కూడ గమనింపదగినది. అక్షరాల తరువాత గుణింతాలు, ఆపైన మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు రాయించేవారు. అనగా గుణింతం దాటిన బాలుడు తన పేరు, తన ఊరి పేరు, తన ఇంటి ఆవు పేరు రాయగలిగేవాడు. వీధిబడి పాఠ్యక్రమంలో బాలుని లోకానికి అతిచేరువగా వచ్చిన ఘట్టం ఇదే. కాని అది అక్కడే ఆగిపోయింది. పేర్ల తరువాత వచ్చినవి బాలుడు మాట్లాడే వాక్యాలు కావు, పద్యకావ్యాలు.

3. భయం, గౌరవం, పండుగ

కాంప్‌బెల్ నివేదికలో ఒక ఆసక్తికరమైన ఆచారం ఉంది. ఉదయం బడికి అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారు. రెండవవానికి సున్న చుట్టేవారు. అది మెప్పూ కాదు, తప్పూ కాదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి క్రమంగా హెచ్చు. అదే నివేదికలో సోమరిపిల్లలను చేతులుకట్టి పైకప్పు నుండి వేలాడదీయడం, ఆపకుండా కూర్చోబెట్టి లేపడం కూడ నమోదయ్యాయి. తెలుగువారు కోదండం, గుంజీలు అని పిలిచినవి ఇవే.

అరచేతిలోని సరస్వతి ఎంత అందమైన ఆచారమైనా, అది మెచ్చుకొన్నది చదివినవానిని కాదు, ముందు వచ్చినవానిని. బాలుడు పరుగెత్తినది పాఠం కోసం కాదు. సరస్వతి కోసం, లేదా దెబ్బ తప్పించుకొనడం కోసం.

కోస్తా జిల్లాలలో ప్రసిద్ధమైన దసరా ఊరేగింపునకూ ఇదే వర్తిస్తుంది. నవరాత్రులలో పంతులు బడిపిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికీ వెళ్లేవాడు. పిల్లలు కొత్తబట్టలు కట్టి, రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు పట్టి, పూలరేకులు, బుక్కా చల్లుతూ దసరా పద్యాలు పాడేవారు. గృహస్థు పంతులుకు కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవాడు. నెలజీతం నిలకడలేని పంతులుకు ఇది ఏడాది రాబడిలో ముఖ్యభాగం. తన పిల్లవాడు నలుగురిలో గొంతెత్తి పద్యం చెప్పడం చూచి తల్లిదండ్రులు మురిసేవారు. పిల్లవానికి ఊరే సభ. ఏడాదిపొడుగునా బెత్తం చూచిన బాలుడు తాను బడిపిల్లవాడనైనందుకు గర్వించిన రోజులవి.

ఆ ఆనందం నిజమైనది, విలువైనది. కాని అది అక్షరం చుట్టూ కట్టిన తోరణం. తోరణం దాటి లోపలికి పోయిన బాలునికి మళ్లీ ఇసుక, గుణింతం, అర్థం తెలియని పద్యమే ఎదురయ్యేవి.

4. విముఖతకు మూలాలు

వీధిబడి బాలుని విముఖతకు సోమరితనమే కారణమని నాటి పంతుళ్లు తలచారు. చరిత్రను, లిపిస్వభావాన్ని కలిపి చూస్తే రెండు వేరు కారణాలు కనబడతాయి.

మొదటిది లిపి విస్తృతి. తెలుగు వర్ణమాల యాభైకి పైబడిన అక్షరాలతో మొదలై గుణింతాలు, ఒత్తులతో వందలాది రూపాలుగా విస్తరిస్తుంది. సంప్రదాయక్రమంలో బాలుడు ఒక్క మాటయినా చదవకముందే ఌ, ౡ, ఙ, ఞ వంటి అక్షరాలను, నిత్యవ్యవహారంలో ఎన్నడో గాని తగలని వాటిని, దిద్దవలసి ఉండేది. తెలుగు లిపికి సోదరలిపి అయిన కన్నడంలో పసివారి పఠనాభ్యాసంపై సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరజ్ఞానం పూర్తిగా కుదురుకొనడానికి ప్రాథమికతరగతులలో అనేక సంవత్సరాలు పడుతుందని చూపింది. ఇంగ్లీషు అక్షరమాలను కొద్ది నెలలలో నేర్చిన పిల్లలతో పోల్చి మన పిల్లవానిని మందుడనడం న్యాయం కాదని దీని ఫలితార్థం. లిపి సహజంగా కోరే వ్యవధిని బాలుని దోషంగా లెక్కించి వీధిబడి అతనిని కోదండం ఎక్కించింది.

రెండవది పాఠ్యభాష. రాజమండ్రి జిల్లా బడులలో చదివే తెలుగు గ్రంథాలంటూ 1823లో కలెక్టరు పంపిన పట్టికలో నలభైకి పైబడిన పేర్లు ఉన్నాయి. బాలరామాయణం, రుక్మిణీకల్యాణం, గజేంద్రమోక్షం, కుచేలోపాఖ్యానం, సుమతీ, కృష్ణ, దాశరథీ, భాస్కర శతకాలు, అమరం, ఆంధ్రనామసంగ్రహం, పావులూరి గణితంతోపాటు మనుచరిత్ర, వసుచరిత్ర కూడ అందులో కనబడతాయి. ఈ పట్టికలో రెండు తెగల గ్రంథాలున్నాయి. గజేంద్రుని కథ, కుచేలుని కథ పిల్లవాడు బడికి రాకముందే అమ్మమ్మ ఒడిలోనో, హరికథలోనో విన్నవి. భాష కఠినమైనా కథ తెలిసినది కనుక పట్టుకొనడానికి ఒక కొస దొరుకుతుంది. వసుచరిత్రలో శ్లేషను విప్పడం పండితులకే పరీక్ష. నాటి బడిపిల్లలు లెక్కలేనన్ని పద్యాలు అప్పగించగలరనీ, వాటి అర్థం వారికి చిలుకకు తెలిసినంతేననీ కాంప్‌బెల్ విమర్శించాడు. పరాయిపాలకుని దృష్టిలో అతిశయోక్తి ఉండవచ్చు. ధారణ వలన బాలునికి ఛందోలయ, పదసంపద అబ్బిన మాట కూడ సత్యమే. అయినా చిలుకపలుకులు, వల్లెవేయడం అనే నిందావాచకాలు తెలుగులోనే ఉన్నాయన్న సంగతి ఆ విమర్శకు దేశీయమైన సమర్థన.

5. అచ్చుపుస్తకం, గ్రాంటుబడి

1832లో పుదూరి సీతారామశాస్త్రి రచించిన బాలశిక్ష వెలువడింది. తరువాతి కాలంలో పెద్దబాలశిక్షగా పెరిగి ఇంటింటి గ్రంథమైన ఈ పరంపర, అక్షరాలు, గుణింతాలు, చిన్నచిన్న మాటలు, నీతివాక్యాలు, లెక్కలను ఒకేచోట చేర్చింది. కష్టాన్ని మెట్లుగా విడదీయడం బాలశిక్ష చేసిన మేలు. బాలునికి తొలిసారిగా తనకంటూ ఒక పుస్తకం ఏర్పడింది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టా పచ్చబడిన తరువాత గ్రామాలకు బడి స్థోమత పెరిగింది. ఆ దశకంలోనే సబ్ కలెక్టరు టేలరు ప్రోత్సాహంతో నరసాపురం పరిసరాలలో రైతులు తమపై తాము వేసుకొన్న చందాపన్నుతో బడులు నడిపారు. గోదావరి రైతు చదువును కోరాడనడానికి ఇది దృష్టాంతం. కాని 1860 దశకం చివర మదరాసు రాష్ట్రంలో ప్రవేశించిన ఫలితానుసార గ్రాంటు పద్ధతి బడిస్వభావాన్ని మార్చివేసింది. తనిఖీ అధికారి వచ్చిన రోజున ఎందరు పిల్లలు పరీక్షలో నెగ్గితే పంతులుకు అంత గ్రాంటు. పంతులు బతుకు పిల్లవాని నాలుకపై ఆధారపడిన తరువాత ఆనందానికి తావెక్కడిది? వీధిబడిలో దసరానాటి పద్యం కట్నం తెచ్చేది. గ్రాంటుబడిలో తనిఖీనాటి అప్పగింత గ్రాంటు తెచ్చింది. మొదటిదానిలో కనీసం బెల్లం ఉండేది.

6. వ్యావహారిక భాషావాదం: బాలుని కోణం

ఇరవయ్యవ శతాబ్దారంభంలో చెలరేగిన వ్యావహారిక గ్రాంథిక వివాదాన్ని సాహిత్యచరిత్రకారులు సాధారణంగా శైలీవివాదంగా చూస్తారు. దాని పుట్టుక మాత్రం తరగతిగదిలో ఉంది. పాఠశాలల తనిఖీ అధికారి జె. ఎ. యేట్స్ అడిగిన మౌలికప్రశ్న, పిల్లలు మాట్లాడే తెలుగుకూ పుస్తకంలోని తెలుగుకూ ఇంత దూరం ఎందుకన్నదే. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను స్వీకరించారు.

గిడుగు వాదానికి సవరల మధ్య చేసిన కృషి బలమైన పునాది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా ఉంటూ ఆయన సవరభాష నేర్చి, ఆ పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు సిద్ధంచేశాడు. లిపిలేని భాషను మాట్లాడే బాలునికి సైతం తొలిపాఠం తన మాటలోనే ఉండాలని నమ్మినవాడు, తెలుగు బాలుని తొలిపాఠం వానికి తెలియని తెలుగులో ఉండడాన్ని సహించకపోవడం సహజం.

ఈ వివాదంలో గ్రాంథికపక్షానికి అగ్రనాయకుడైన జయంతి రామయ్య కోనసీమవాడే. పలివెల ఉన్న సీమలోనిదే ఆయన స్వగ్రామం ముక్తేశ్వరం. మాండలికభేదాలున్న జాతికి ఏకరూపమైన రచనాభాష ఉండాలనీ, ప్రాచీనసాహిత్యంతో తెగని సంబంధం ఉండాలనీ ఆయన పట్టు. ఆ వాదాన్ని తేలికగా తోసివేయరాదు; 279 శాస్త్రపాఠశాలల సీమ మనస్సు అది. అయితే ఆ వాదం చదువు పూర్తయినవాని నుండి వెనక్కు చూస్తుంది. గిడుగు వాదం చదువు మొదలుపెట్టేవాని నుండి ముందుకు చూస్తుంది. పసివాని విముఖత రెండవ దృష్టికి మాత్రమే కనబడుతుంది.

7. ఆనందం పాఠంలోనికి రావడం

పాఠమే బాలుని పిలవాలన్న ఆలోచన బాలసాహిత్యంలో రూపుకట్టింది. గౌతమికి ఆవలి ఒడ్డున రామచంద్రపురం ప్రాంతపు దంగేరులో పుట్టిన చింతా దీక్షితులు సూరి, సీతి, వెంకి అనే పిల్లల ఆటపాటలనే కథలుగా మలిచాడు. పెద్దలు పిల్లలకు చెప్పే నీతి ఇక్కడ కథకు యజమాని కాదు, పిల్లల ఊహే యజమాని. గిడుగు వెంకటసీతాపతి పిల్లల గేయాలు రాశాడు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల గొంతునే ప్రసారం చేశారు. 1945లో బాల పత్రికను ప్రారంభించారు. 1947 జూలైలో చందమామ వచ్చింది.

ఈ కృషిలోని మార్పు సూక్ష్మమైనది, మౌలికమైనది. వీధిబడిలో పాఠం ముగిశాక పప్పుబెల్లాలు. ఇక్కడ పాఠమే పప్పుబెల్లం. తరువాత ఏమయిందో తెలుసుకోవాలన్న ఆత్రుతతో పేజీ తిప్పే బాలునికి బెత్తంతో పని లేదు, అరచేతి సరస్వతితోనూ పని లేదు.

8. పలివెల కథ: ఒక అన్వయం

పలివెల దేవునికి కొప్పేశ్వరుడన్న పేరు రావడాన్ని గురించి ప్రచారంలో ఉన్న స్థలకథ ఈ సందర్భంలో పరిశీలింపదగినది. అర్చకుడొకడు స్వామికి అర్పించవలసిన పూలదండను ముందుగా తన ప్రియురాలి కొప్పులో అలంకరించేవాడట. ఒకనాడు రాజుకు అందిన ప్రసాదపుష్పాలలో వెంట్రుక కనబడింది. నిలదీస్తే, స్వామికే కొప్పు ఉందని అర్చకుడు బొంకాడు. రేపు చూస్తానన్నాడు రాజు. రాత్రంతా అర్చకుడు మొరపెట్టుకొనగా తెల్లవారేసరికి శివలింగానికి కొప్పు వెలిసిందని కథ.

పసివానికి కావలసినదంతా ఇందులో ఉంది: ఒక తప్పు, ఒక అబద్ధం, ఒక గడువు, ఒక భయం, ఒక వింత. అర్చకుని ప్రియురాలిని అర్చకుని భార్యగానో, కూతురుగానో మార్చి పిల్లలకు చెప్పినా కథకు లోటు రాదు. పలివెల పిల్లవాడు ఈ కథను చెవితో ఎరుగును. ఆలయాన్ని కంటితో ఎరుగును. కొప్పు, పూలు, గుడి, రాజు, శివుడు – కథలోని మాటలు అతనివే. ఇటువంటి కథను అతడు తన మాటల్లో చెప్పగా పెద్దలు రాసి, దానినే అతనిచేత చదివిస్తే, అక్షరం అతనికి పరాయిది కాదు. తన నోట వెలువడినదే తన కంటికి కనబడుతుంది. వీధిబడి ఊరిపేర్ల ఘట్టంలో ఆపివేసిన దారికి ఇది కొనసాగింపు. కొబ్బరి, లంక, రేవు, పడవ, కాలువ అనే మాటలు రాయగల కోనసీమ బాలుడు, ఆ మాటలతో తన వాక్యం కూడ రాయగలడు.

ముగింపు

ఈ చరిత్ర నుండి మూడు అంశాలు నిర్ధారించవచ్చు. ఒకటి, తొలిచదువు పట్ల విముఖత బాలుని స్వభావదోషం కాదు. విస్తారమైన లిపిని నేర్చేందుకు కావలసిన వ్యవధిని బడి ఇవ్వకపోవడం, తెలియని భాషలో పాఠం ఎదురుకావడం దానికి మూలాలు. రెండు, వీధిబడి వట్టి భయశాల కాదు. ఇసుకరాత, పేర్లు రాయించడం, ఊరంతా శ్రోతలైన పండుగ వంటి విలువైన పద్ధతులు దానిలో ఉన్నాయి. అయితే దాని ఆనందం పాఠానికి వెలుపల మిగిలిపోయింది. మూడు, గిడుగు మొదలు చందమామ వరకు జరిగిన కృషి ఆ ఆనందాన్ని పాఠంలోనికి తెచ్చింది.

2020 జాతీయ విద్యావిధానం వీలైనంతవరకు అయిదవ తరగతి దాకా మాతృభాషలో బోధన జరగాలని సూచించింది. 2021లో ప్రారంభమైన నిపుణ్ భారత్ పథకం 2026–27 నాటికి మూడవ తరగతి ముగిసేసరికి ప్రతి బాలునికి చదవడం, రాయడం, లెక్కలలో ప్రాథమికసామర్థ్యం రావాలని లక్ష్యం పెట్టుకొంది. లక్ష్యం ఉదాత్తమైనదే. కాని కొలత బోధనను శాసిస్తే ఏమవుతుందో ఫలితానుసార గ్రాంటు కాలం ఒకసారి చూపింది. నిమిషానికి ఎన్ని మాటలు చదివాడన్నది తెలుసుకోవలసిన విషయమే. చదవమని ఎవరూ చెప్పనప్పుడు అతడు పుస్తకం తెరిచాడా అన్నది అంతకంటె ముందు తెలుసుకోవలసిన విషయం. 1823 నాటి కలెక్టర్ల పట్టికలలో బడులకు, విద్యార్థులకు, గ్రంథాలకు గడులున్నాయి. ఈ ప్రశ్నకు గడి లేదు. నేటి పట్టికలలోనైనా దానికి చోటు కల్పించవలసి ఉంది.